దుష్ప్రభావాలు: లేవు

మా బాపు నా పరిశోధనకు నలభై ఒక్క మందిని తెచ్చిచ్చాడు. నాకు కావలసింది అరవై. మేడ్చల్ దారిలోని మా మెడికల్ కాలేజీలో నాతోటి పీజీలు ఓపీ గది ముందు కుర్చీ వేసుకుని, బీపీ ఉన్న ప్రతి మనిషినీ బతిమాలుకుంటుంటే, నాకు ఒక్క ఐతారం పొద్దున నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. నిజానికి చాలావరకు వేలిముద్రలు. ఆ రోజు నేను పొంగిపోయాను. దాచుకోవడానికేం లేదు, నిజంగానే పొంగిపోయాను.

నేను చదివేది ఫార్మకాలజీలో ఎండీ. మందుల మీద చదువు అంటే మా ఊళ్లో, "గట్లయితే మెడికల్ షాపు పెడ్తవా?" అని అడిగారు. విసుగొచ్చి అవునన్నాను. చదువు చివర్లో ఒక పరిశోధన చేసి తీసిస్ రాయాలి. జూన్ నెలాఖరుకు ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నా తీసిస్ బీపీకి వాడే రెండు రకాల మాత్రల మీద. రెండూ పాతవే, ఊరూరా వాడేవే. ముప్పై మందికి ఒక రకం, ముప్పై మందికి ఇంకో రకం, పన్నెండు వారాలు. ఏది బీపీని ఎంత దించింది, ఏది ఎవరిని ఎట్లా ఇబ్బంది పెట్టింది, అదీ నేను తేల్చాల్సింది. మొదటి రకంతో వందలో పదిమందికి పొడిదగ్గు వస్తుందనీ, ఏ వెయ్యిమందిలోనో ఒకరిద్దరికి పెదవులూ నాలుకా ఉబ్బుతాయనీ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

షామీర్‌పేట చెరువు కట్ట దిగితే మా ఊరి చేపల సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉంది. వలలూ, థర్మాకోల్ డబ్బాలూ ఒక పక్కకు జరిపించి బాపు అక్కడే అందరినీ కూర్చోబెట్టాడు. అంతకుముందు రెండు వారాలూ ఊరంతటికీ నేను బీపీ చూసి, ఎక్కువగా ఉండీ మందు వాడనివాళ్లను ఏరి పెట్టుకున్నాను. అంగీకార పత్రం చేతిలో పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

"ఈ పరిశోధనలో చేరడం పూర్తిగా మీ ఇష్టం. ఇష్టం లేకపోతే ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు."

వెనక నుంచి నరసింహ పకపకా నవ్వాడు. వరసకు అన్న, బాపుతో పాటు వలకు పోతాడు. "మానుకునుడేంది చెల్లే? మొగులయ్య కాక బిడ్డ అడిగితే మేం లేదంటమా?"

"అట్ల కాదన్నా, చదివి వినిపియ్యాలె. రూలు."

"సదువు సదువు, ఇంటం. ఏలు ఏడ వెట్టాలె, గది చెప్పు ముందుగాల."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బాపు ముందుకొచ్చి, "ఒకటో నంబరు నాది రాయి బిడ్డా" అని బొటనవేలు చాపాడు. ఆయన వెనకే మా ఈదమ్మత్త. బాపుకు అక్క. అమ్మ పోయినప్పటి నుంచీ మా ఇంట్లో పొయ్యి ఆమెదే. రాజీవ్ రహదారి పక్కన చేపల గంప పెట్టుకుని కూర్చుంటుంది. కారు అద్దాలు మూసుకుని పోయేవాళ్లకు కూడా ఆమె కేక వినబడుతుందని ఊళ్లో చెప్పుకుంటారు.

"ఏందే కోడలా, గీ గోలీలు మింగితే బీపీ వోతదా, నేనే వోతనా?" అంది సిరా వేలు చీరకు తుడుచుకుంటూ.

"థూ, నీ నోట్ల మంచి మాటే రాదా అత్తా?"

"వస్తది, నువ్వు పెద్ద డాక్టరువైనంక వస్తది."

చీటీ తీస్తే బాపుకూ అత్తకూ ఇద్దరికీ మొదటి రకమే వచ్చింది.

పదిహేను రోజులకొకసారి ఐతారం నేను హాస్టల్ నుంచి స్కూటీ మీద ఊరికొచ్చి, షెడ్డులో బీపీ చూసి, డబ్బాలో మిగిలిన గోలీలు లెక్కపెట్టి, ఒక్కొక్కరి కాగితం నింపేదాన్ని. కాగితంలో చివరి గడి దుష్ప్రభావాలు. ఉంటే ఏమిటో రాయాలి, లేకపోతే లేవని రాయాలి. మొదటిసారే నరసింహన్న డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టేశాడు.

"దగ్గుతోని పానం వోతాంది చెల్లే. కన్ను మూతవడ్తలేదు. నాకొద్దు."

సరేనని రాసుకున్నాను, మందు ఆపేశాను. దగ్గు రావడం నాకు నష్టం కాదు, నేను వెతికేదే అది. కానీ మనిషి తగ్గిపోయాడు, అతని బదులు ఇంకొకరిని పట్టుకోవాలి. ఆ చిరాకంతా మధ్యాహ్నం అన్నం దగ్గర వెళ్లగక్కాను.

"ఒక్కడు పోయిండు బాపూ. దగ్గని, దమ్మని గిట్ల ఇంకో నలుగురు పోతే నా పని ఖతం. ఆర్నెల్లు ఇంట్ల కూసోవాలె."

బాపు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. అత్త నా కంచంలో ఇంకో చేప ముక్క వేసి, "తిను, తిను, ఏం గాదు" అంది. నేను తినేసి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ రాలేదు. రెండోసారి లేవు, మూడోసారి లేవు, నాలుగోసారీ లేవు. నేను అడిగేలోపే చెప్పేసేవాళ్లు, "మస్తున్నం బిడ్డా, ఏం లేదు" అని. కాగితాలు టకటకా నిండిపోయేవి. ఎండలు ముదిరిన కొద్దీ నాకూ తొందర ఎక్కువైంది.

మా గైడ్ మాధవీలత మేడం కాగితాల కట్టను ఒకటికి రెండుసార్లు తిరగేశారు. ఆమెది గుంటూరు వైపు, కొంపల్లిలో ఉంటారు, ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెప్తున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారంటే ఏదో ఉందని మాకు తెలుసు.

"ఏమ్మా అంకితా, మన ఓపీలో ఈ మాత్ర వేసుకుంటున్నవాళ్లు పదిమంది. ఇద్దరికి దగ్గు. మీ ఊళ్లో ఇరవై మంది. ఆ మొదటాయన తర్వాత ఒక్కళ్లు తుమ్మను కూడా తుమ్మలేదు. మీ చెరువు నీళ్లలో ఏముందమ్మా?"

"నేను బాగానే అడుగుతున్నాను మేడం."

"నువ్వు బాగానే అడుగుతావు. వాళ్లు ఎవరికి చెప్తున్నారూ అని. డాక్టరుకా, ఇంటి పిల్లకా?" మేడం కాగితాలు నా వైపు జరిపారు. "సున్నా అంటే నాకు భయం. ఈసారి నువ్వు వెళ్లకు, సాయికిరణ్‌ని పంపుదాం. ఊరికి కొత్తవాడు అడిగితే ఏం చెప్తారో చూద్దాం."

సాయికిరణ్ నా క్లాస్‌మేటు. నాకు ఒళ్లు మండింది. మా ఊరివాళ్లు నాతో అబద్ధం చెప్తారా? పైగా ఇంకా రెండుసార్లే మిగిలింది.

"ఆఖరుసారికి పంపుదాం మేడం. మధ్యలో మనిషి మారితే వాళ్లు గాబరా పడతారు" అన్నాను.

మేడం సరే అన్నారు. ఆమె కాదని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. తప్పు నాదైనా అలా అనిపిస్తుంది.

ఐదోసారి మే నెలాఖరు. షెడ్డు రేకుల కింద నిలబడితే మాడు పగిలిపోతోంది. ముప్పై మంది వరసలో ఉన్నారు, గాలి లేదు, బీపీ మిషను పట్టీ చెమటకు జారిపోతోంది. అత్త వంతు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పట్టీ కట్టడానికి చెయ్యి చాపమన్నాను, కొంగు జారింది. పై పెదవి ఒక పక్క ఇంత లావున ఉబ్బి ఉంది.

"ఇదేంది అత్తా?"

"తేనెటీగ కుట్టింది."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుమూకి."

"ఏడ కుట్టింది? మచ్చ లేదు, ఎరుపు లేదు."

"ఏడ కుట్టింది అంటదేందే? మూతి మీద కుడితే మూతే గద ఉబ్బేది!"

వరసలో ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. అత్త నవ్వలేదు. బాపు తక్కెడ దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు. నేను వేలితో పెదవి తాకి చూశాను. మెత్తగా ఉంది, నొప్పి లేదంది. అలాంటి వాపు కనబడితే ఆ క్షణమే మందు ఆపాలని ఎంబీబీఎస్ రెండో ఏడు పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ వెనక ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. మిగిలింది ఒక్కసారే. తేనెటీగే అయ్యుండొచ్చు.

చివరి గడిలో 'లేవు' అని రాసి, మరో పదిహేను రోజులకు గోలీలు ఇచ్చాను.

మిరుగు నాడు మా ఊరికి పెద్ద పండగ కంటే ఎక్కువ పని. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేప తినని ఇల్లు హైదరాబాదు చుట్టుపక్కల ఉండదు. తెల్లారకముందే బొచ్చెలూ, రవ్వలూ, కొర్రమట్టలూ రోడ్డు మీదికి చేరతాయి. ఆ రోజు మా క్యాజువాలిటీకి కూడా గొంతులో ముల్లు గుచ్చుకున్నవాళ్లు క్యూ కడతారు. మేం పీజీలం నవ్వుకుంటాం కూడా.

మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, అత్తను మీ దవాఖానకే ఆటోల తోల్కొచ్చిన. ముల్లు ఇరికింది. జర రా."

"వస్తున్న బాపూ. డాక్టరు ఉంటడు, తీసేస్తడు, ఫికర్ చెయ్యకు" అన్నాను. చేస్తున్న పని పూర్తి చేసుకుని, మెట్లు దిగి, నింపాదిగా నడుచుకుంటూ వెళ్లాను. పావుగంట పట్టింది.

డ్యూటీలో ఉన్న డాక్టర్ అన్వేష్ టార్చి వేసి అత్త నోట్లోకి చూస్తున్నాడు. "ముల్లు ఎక్కడా దొరకట్లేదు అంకితా. వచ్చినప్పటి నుంచీ వెతుకుతున్నా. చేపలమ్మే ఆమెకే ముల్లు గుచ్చుకోవడం చూడు" అన్నాడు.

నేను అత్తను చూశాను. నాలుక నోటినిండా ఉంది. రెండు పెదవులూ తిరగబడ్డాయి. చొంగ కారుతోంది, మింగలేకపోతోంది, ఊపిరి తీస్తుంటే గొంతులో కీచుమని చప్పుడు. ఆమె కళ్లు నన్ను పట్టుకున్నాయి. తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. ఊపిరి ఆడని మనిషి, నాకు చెప్పొద్దని తల ఊపింది.

"ముల్లు కాదు!" అని అరిచాను. నా గొంతు నాకే వింతగా వినబడింది. "మాత్ర. బీపీ మాత్ర. పదకొండు వారాల నుంచి. నేనే ఇచ్చాను."

అన్వేష్ చేతిలో టార్చి పక్కన పడేసి మత్తు డాక్టరును పిలవమని కేక వేశాడు. ఇంజెక్షన్లకు ఈ వాపు లొంగదు. గొట్టం వేద్దామని చూస్తే నాలుక అడ్డం. చివరికి ముక్కూ గొంతు డాక్టరు వచ్చి మెడ ముందు కోసి గాలికి దారి చేశారు. బతికింది. ఇంకో పది నిమిషాలు ముల్లు వెతుకుతూ కూర్చుంటే బతికేది కాదని ఆయనే అన్నారు.

ఐసీయూ బయట బెంచీ మీద బాపు చేపల వాసనతో, తడి లుంగీతో కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ముల్లని ఎవరు చెప్పిండ్రు?"

"అక్కనే చెప్పుమన్నది. మాట వడిపోకముందే అన్నది, ముల్లని చెప్పు తమ్మీ, గోలీల ముచ్చట ఎత్తకు అని."

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన." బాపు తల దించుకున్నాడు. "నేనే బిడ్డా. అందరికి నేనే చెప్పిన. దగ్గొచ్చినా, ఏమొచ్చినా పోరికి చెప్పకుర్రి, పోరి పరీక్ష తప్పుతది అన్న. ఇంటింటికి వోయి చెప్పిన. మొన్న మూతి ఉబ్బినప్పుడు గుడ అక్క అడిగింది, చెప్పాల్నా తమ్మీ అని. వద్దన్న."

"ఎందుకు బాపూ? ఎందుకు?"

"నీ మందుతోని మందికి రోగమొచ్చిందంటే నిన్ను పాస్ చేస్తరా?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "రోగమొచ్చిందని రాసుడే నా చదువు! గదే నా చదువు బాపూ! ఎంతమందికి దగ్గొచ్చింది, ఎవరికి ఏం ఉబ్బింది, గది తెలుసుకొనికే గదా మీ అందరికి గోలీలిచ్చింది!"

వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు.

"గట్లనా" అన్నాడు బాపు. "గా ముచ్చట మాకెవ్వలు చెప్పలే గద బిడ్డా."

అంగీకార పత్రంలో ఉంది. నేను చదివాను. ఎవరూ వినలేదు, వినబడకపోయినా నాకు పట్టలేదు. వేలిముద్రలు పడితే చాలనుకున్నాను.

అదే రోజు పరిశోధన ఆపేశారు. సాయికిరణ్ ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని మా ఊరికి వెళ్లి అందరి డబ్బాలూ వెనక్కి తీసుకుని వేరే మందు ఇచ్చి వచ్చాడు. ఇలాంటిది జరిగితే ఇరవై నాలుగు గంటల్లో కాలేజీ ఎథిక్స్ కమిటీకి రిపోర్టు ఇవ్వాలి. మేడం గదిలో కూర్చుని రాశాం.

"ఇంతకుముందు వాపు ఏమైనా వచ్చిందా?" అని అడిగారు మేడం.

"వచ్చిందట మేడం. ఇంట్లో దాచారు."

చూశాను అనలేదు. వచ్చిందట అన్నాను.

మేడం రాయడం ఆపి, కళ్లజోడు తీశారు. "చూడమ్మా, రేపు కమిటీ తేల్చేది ఒక్కటే. పేషెంటు చెప్పలేదు, నీకు తెలీదు అంటే, నీ తీసిస్ ఆరు నెలలు వెనక్కి పోతుంది. బాధే, కానీ అంతటితో ఆగుతుంది. నువ్వు చూసి కూడా రాయలేదు, మందు ఇచ్చావు అంటే మాత్రం అది తీసిస్‌తో ఆగదు. సీటు పోవచ్చు. నేను కూడా ఏమీ చేయలేను."

నేను తల ఊపాను. పెదవి నేను చూసిన సంగతి అత్తకు తెలుసు, బాపుకు తెలుసు, నాకు తెలుసు. ఆ రోజు నవ్వినవాళ్లు తేనెటీగ అనే అనుకున్నారు.

కమిటీ కూర్చునేసరికి పదిహేను రోజులు పట్టింది. అప్పటికి అత్త మెడలో గొట్టం తీసేశారు. రంధ్రం మీద గుడ్డ కట్టు ఉంది. ఆ కట్టును వేలితో గట్టిగా నొక్కి పట్టుకుంటేనే మాట వస్తుంది, అదీ బొంగురుగా, సగం గాలి. వేలు తీస్తే మాట పోతుంది. అందుకని అనవసరంగా ఒక్క మాట మాట్లాడటం లేదు. ఆమెను రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు, తనే వస్తానంది. బాపు నీళ్ల సీసా పట్టుకుని ఆమె వెనక కుర్చీలో కూర్చున్నాడు.

బల్లకు అవతల ఏడుగురున్నారు. అడిగింది ఒక పెద్ద లాయరు, దుర్గాబాయి గారు. నెమ్మదైన మనిషి. నా వైపు తిరిగి, "ఐదో విజిట్ ముందురోజే ఈమెకు పెదవి వాచిందని ఉంది. మీరు గమనించలేదా డాక్టర్?" అన్నారు.

నేను నోరు తెరిచాను. మాట రాకముందే అత్త వేలు మెడ మీదికి పోయింది.

"కొంగు కప్పుకున్న అమ్మా. బిడ్డకు కనవడలే."

లాయరమ్మ రాసుకున్నారు. నేను నోరు మూసుకున్నాను.

"మరి మీరెందుకు చెప్పలేదమ్మా? ఎవరైనా చెప్పొద్దన్నారా?"

"ఎవ్వలు అన్లే. నేనే చెప్పలే. నాదే తప్పు."

అప్పుడు నాకు ఆగలేదు. మా ఊళ్లో నలభై మందికి నోరు కట్టేసిన సంగతి బయటికి రాకపోతే, రేపు ఇంకో పీజీ ఇంకో ఊళ్లో ఇలాగే చేస్తుంది. నిజం చెప్పాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"కాదండీ. మా నాన్న అందరికీ చెప్పొద్దని చెప్పారు. ఇంటింటికీ వెళ్లి చెప్పారు. నా పరీక్ష పోతుందని భయపడి" అన్నాను.

ఏడుగురూ బాపు వైపు చూశారు. ఆయన నీళ్ల సీసా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "అవునమ్మా, నేనే చెప్పిన" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని భయపడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. మళ్లీ కూర్చున్నాడు.

నా నిజాయితీని మెచ్చుకుంటున్నామని అన్నారు. కన్నతండ్రి అని కూడా చూడకుండా చెప్పానన్నారు. తీసిస్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఆరు నెలలు ఆలస్యం. ఫైలు మొత్తం సోమవారం అప్పగించమన్నారు.

ముగ్గురం ఆటో ఎక్కాం. ఇంటికి రాగానే బాపు కాళ్లు కడుక్కుని అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పదిహేను రోజులూ ఆయన సంఘం షెడ్డుకు పోలేదు. మొగులయ్య బిడ్డ చదువు కోసం అక్క పానం మీదికి తెచ్చిండని ఊళ్లో అంటున్నారు. ఇప్పుడు అది నేను ఏడుగురి ముందు సంతకం పెట్టి మరీ చెప్పినట్టైంది.

నేను చాయ్ పెట్టి అత్తకు ఇచ్చాను. తీసుకోలేదు. మంచం మీద కూర్చుని, మెడ మీది కట్టును వేలితో నొక్కిపట్టింది.

"రెండు అబద్ధాలాడిన ఆడ" అంది. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. "ఒకటి మొగులు కోసం. ఒకటి నీ కోసం."

"అత్తా, నువ్వు మాట్లాడకు, నొప్పి..."

"మొగులుది దిద్దినవ్." మళ్లీ ఊపిరి. "నీది ఉంచుకున్నవ్."

వేలు తీసేసింది. ఇంక చెప్పేది లేదన్నట్టు గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది.

"నువ్వే కదా అన్నావ్, కనబడలేదని నువ్వే కదా..." అని మొదలుపెట్టి, ఆగిపోయాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నన్ను కాపాడబోయి ఊపిరి పోగొట్టుకోబోయిన మనిషితో వాదానికి దిగాను.

ఫైలు నా సంచిలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టి, అత్త పేరున్న రెండో నంబరు కాగితాల్లో ఐదో విజిట్‌ది వెతికాను. చివరి గడిలో నా చేతిరాత, కుదురుగా, అందంగా ఉంది. పరిశోధన కాగితాల్లో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం చేసి, దిద్దిన రోజు తేదీ వేయాలి. మాకు మొదటి ఏడే నేర్పిస్తారు. గీత కొట్టాను. 'పై పెదవి వాపు. నేను చూశాను. మందు ఆపలేదు' అని రాసి, సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాను.

తల ఎత్తితే బాపు గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయనకు చదువు రాదు.

"ఏం రాసినవ్?"

చదివి వినిపించాను.

"మరి నీ సీటు?"

"తెల్వదు బాపూ. సోమారం మేడంకు ఇస్త. పోతే పోతది."

బాపు లోపలికి వచ్చి నా ఎదురుగా, షెడ్డులో మా ఊరివాళ్లు కూర్చున్నట్టే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒకటో నంబరు కాయితం తియ్యి" అన్నాడు.

"ఎందుకు?"

"రెండో పాలి నుంచే ఉండె నాకు. నువ్వొచ్చినప్పుడల్ల బుగ్గన లవంగం వెట్టుకుని ఆపుకుంటుంటి. ఇప్పటికీ పోలే." నెమ్మదిగా, "ఇగ దగ్గొచ్చునా బిడ్డా?" అని అడిగాడు.

దగ్గమన్నాను. మొదలైతే ఆగలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా, బల్ల అంచు పట్టుకుని వంగిపోయి దగ్గాడు. లోపల మంచం మీద అత్త కళ్లు తెరిచింది. నేను ఒకటో నంబరు కాగితాలు ముందు పెట్టుకుని, రెండో విజిట్ దగ్గర నుంచి ఒక్కో గడిలోనూ గీత కొట్టి రాయడం మొదలుపెట్టాను.